వెలిగొండల అంచున దారిపటంతో నాలుగు రోజులు

మొదటి రోజు: నెల్లూరు నుంచి పెంచలకోన

2024 ఫిబ్రవరి 8, గురువారం. తెల్లవారుజామున ఐదున్నరకు నేనూ మా అక్క కొడుకూ చెరొక బండి మీద నెల్లూరు దాటి పొదలకూరు రోడ్డు పట్టాం. మట్టిదారుల్లో మోటారు సైకిళ్లు తోలే ఇష్టం ఉన్నవాళ్లం మా ఊళ్లో పద్దెనిమిది మందిమి ఉన్నాం. మేమంతా నాలుగేళ్లుగా వాడుకుంటున్న డిజిటల్ దారిపటం ఒకటి ఉంది. దాన్ని మొదట గీసిందీ, ఇప్పటికీ దిద్దుతున్నదీ నేనే. వెలిగొండల తూర్పు అంచున పెంచలకోన మొదలుకొని భైరవకోన దాకా బండ్లబాటలు, డొంకలు, చెరువుకట్టలు, వాగు రేవులు కలిపి అందులో 63 గీతలున్నాయి. ఈ ప్రయాణం ఆ గీతల కోసమే. వాటిలో ఏది నేల మీద నిజంగా ఉంది, ఉన్నవాటిలో ఏది ఊరి దారి, ఏది ఒకరి సొంత చేను, ఏది అటవీ శాఖ హద్దు లోపలిది అన్నది ఒక్కొక్కటిగా చూసి తేల్చుకోవాలని బయలుదేరాం.

అంతకు నెల ముందు జరిగిన ఒక సంగతి ఇందుకు కారణం. మాలో ఒకరు రాపూరు వైపు కొండ కింది బాటలో పోతూ ఉండగా అటవీ సిబ్బంది ఆపి, అభయారణ్యంలోకి ఎందుకు వచ్చావని అడిగారు. ఆయన ఫోను తీసి, ఇదిగో దారి ఉంది కదా అని మా పటం చూపించాడు. వాళ్లు హెచ్చరించి వెనక్కి పంపారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. పటంలో దారి ఉంది. ఆ దారిలో ఎవరు పోవచ్చో, ఎవరు పోకూడదో చెప్పే మాట మాత్రం ఒక్కటీ లేదు. ఆ మాట రాయవలసినవాణ్ని నేను.

మా వెంట ఉన్న సరంజామా కొద్దిదే. ఫోనులో నెట్ అందకపోయినా పనిచేసే ఓస్మ్‌యాండ్ యాప్, అందులో ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటం, దాని మీద మా గీతలు ఒక జీపీఎక్స్ ఫైలుగా, అంటే దారులను చుక్కల వరుసలుగా దాచుకునే ఫైలుగా ఉన్నాయి. వీటికి తోడు సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 షీట్లను అచ్చు వేయించి సంచిలో పెట్టుకున్నాం. ఆ షీట్లను సర్వే ఆఫ్ ఇండియా వారి పోర్టల్ నుంచి మన దేశ పౌరులు ఉచితంగా దింపుకోవచ్చు. కాగితం ఎందుకు మామా అని మా వాడు అడిగాడు. ఎండకు ఫోను కాగి తెర ఆరిపోయే సమయం ఈ కొండల కింద ఫిబ్రవరిలోనే మొదలవుతుంది. కోన లోపలికి పోతే సిగ్నల్ ఉండదు. ఇవి పైకి కనిపించే కారణాలు. అసలు కారణం, ఆ షీట్లలో రిజర్వు అడవి హద్దు గీసి ఉంటుంది, మా ఫైలులో అది లేదు.

రాపూరు చేరి అక్కడి నుంచి పెంచలకోనకు వెళ్లే ముందు అటవీ కార్యాలయంలో వచ్చిన పని చెప్పాం. అక్కడున్న అధికారి మా ఫోనులోని గీతలను తమ హద్దు పటంతో ఓపికగా పోల్చి చూశారు. శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యం 1997లో ఏర్పడింది. దాని విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైమాటే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోగలిగినవారు కొద్దిమందే. విధి మీద ఉన్న ఉద్యోగులు, లోపల స్థిరాస్తి హక్కులున్నవాళ్లు, ప్రజా రహదారి మీద దాటిపోయేవాళ్లు వారిలో ఉన్నారు. ఈ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. అభయారణ్యం గుండా పోయే తారురోడ్డు మీద మనం ప్రయాణికులం. అదే రోడ్డు నుంచి పది అడుగులు పక్కకు, ఎర్రమట్టి బాటలోకి ముందు చక్రం దిగిన క్షణాన మనం అనుమతి లేకుండా చొరబడినవాళ్లం. ఫోను తెర మీద ఈ రెండు గీతలూ ఒకే రంగులో, ఒకే మందంలో ఉన్నాయి. అభయారణ్యం కాని రిజర్వు అడవికి 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ఉంది. అక్కడ కూడా అనుమతి లేకుండా ప్రవేశించడం నేరమే.

హద్దు విషయంలో ఒక చిక్కు వచ్చింది. 1:50,000 షీటులో ఒక సెంటీమీటరు అంటే నేల మీద 500 మీటర్లు. అర మిల్లీమీటరు మందం ఉన్న గీత నేల మీద 25 మీటర్ల వెడల్పును కప్పేస్తుంది. ఫోను తెర మీద అదే గీతను వేళ్లతో ఎంత పెద్దది చేసినా సన్నగానే కనిపిస్తుంది కాబట్టి, హద్దు ఈ తుమ్మచెట్టుకు అవతల, ఆ రాయికి ఇవతల అన్నంత కచ్చితంగా తెలిసినట్టు భ్రమ కలుగుతుంది. ఫోను మనం నిలబడిన చోటును చెప్పడంలో కూడా ఆరుబయట దాదాపు ఐదు మీటర్ల తేడా ఉంటుంది. కొండ గోడల మధ్య అది ఇంకా పెరుగుతుంది. ఆ సాయంత్రం పెంచలకోనలో గుడి పక్క వాగు ఒడ్డున నడిచి చూసుకుంటే, మా అడుగులు వాగుకు అవతలి గట్టున పడినట్టు ఫోనులో నమోదైంది. ఉపగ్రహ సంకేతం కొండకు తగిలి తిరిగి వచ్చినప్పుడు ఇలా జరుగుతుంది. అందుకని హద్దుకు నూరు మీటర్ల లోపు ఉన్న గీతలన్నిటినీ హద్దు లోపలివిగానే లెక్కించాం. 63లో 14 గీతలు అలా అడవి కిందికి పోయాయి.

రాత్రి సత్రం అరుగు మీద కూర్చుని ఉండగా, వేరే దేశాల్లో ఈ పని ఎలా చేస్తారని మా వాడు అడిగాడు. నాకు బాగా తెలిసింది అమెరికా పద్ధతి. అక్కడ జాతీయ అడవుల్లో మోటారు బండ్లు ఇష్టం వచ్చినట్టు తిరిగి నేలను కోసేస్తున్నాయని 1972లో అధ్యక్షుడు నిక్సన్ 11644వ నెంబరు ఉత్తర్వు ఇచ్చాడు. 2005లో అక్కడి అటవీ శాఖ ఇంకో అడుగు వేసి, ప్రతి అడవికీ మోటారు వాహన వినియోగ పటం తయారు చేయాలని నియమం పెట్టింది. ఉచితంగా ఇచ్చే ఆ పటం నలుపు తెలుపుల్లో ఉంటుంది. అందులో కొండల అందమూ ఉండదు, చూడదగ్గ చోట్ల బొమ్మలూ ఉండవు. ఏ దారికి ఏ నెంబరు, ఏ రకం బండి పోవచ్చు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా తెరిచి ఉంటుంది అన్నవే ఉంటాయి. 50 అంగుళాల వెడల్పు లోపు బండ్లకు ఒక గుర్తు, మోటారు సైకిళ్లకు మాత్రమే వదిలిన బాటకు ఇంకొక గుర్తు. దాన్నే ఫోనులో యాప్‌లోకి ఎక్కించుకుంటే మనం నిలబడిన చోటు దాని మీద చుక్కగా కనిపిస్తుంది. 2022లో వచ్చిన మరొక చట్టం, ప్రభుత్వ భూముల్లో ఏ దారి ఏ బండికి ఎప్పుడు తెరిచి ఉంటుందన్న వివరాలన్నీ డిజిటల్ రూపంలో ప్రజలకు అందాలని అక్కడి శాఖలకు చెప్పింది.

వీటన్నిటిలో నా మనసుకు పట్టింది ఒక్క సూత్రం. ఆ పటంలో లేని దారి మూసినట్టే లెక్క. నేల మీద ఎంత చక్కటి బాట కనిపించినా, పటంలో లేకపోతే బండిని అందులోకి దించరాదు. మా పటం నాలుగేళ్లుగా దీనికి సరిగ్గా తలకిందుగా నడిచింది. కనిపించిన బాటనల్లా పటంలోకి ఎక్కించాం, పటంలోకి ఎక్కింది గనక దారే అనుకున్నాం.

రెండో రోజు: రాపూరు, కలువాయి, సోమశిల, ఉదయగిరి

శుక్రవారం తిరిగి రాపూరు వచ్చి కలువాయి మీదుగా సోమశిల వైపు సాగాం. ఈ రోజు చూడవలసిన గీతలు 22. ప్రతి మలుపు దగ్గరా బండి ఆపి, ఒక నిమిషం కదలకుండా నిలబడి చుక్క పెట్టుకోవడం, బాట ముఖాన ఒక ఫొటో తీయడం, ఎద్దుల బండి పట్టేంత వెడల్పా, జీపు పట్టేంతా, మోటారు సైకిలు మాత్రమే పట్టేంతా అని రాసుకోవడం, నేల గరపా, ఇసుకా, నల్లరేగడా అన్నది గుర్తించడం మా వరుస. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మట్టిదారి గట్టిదనాన్ని ఒకటి నుంచి ఐదు దాకా తరగతులుగా చెప్పవచ్చు. ఒకటో తరగతి రాతి పరుపు వేసిన గట్టి బాట, ఐదో తరగతి చక్రం దిగబడే మెత్తటి నేల. ఈ ప్రాంతంలో ఆ అంకె ఒక్కటే చాలదని నా అనుభవం. ఫిబ్రవరిలో రెండో తరగతిగా ఉన్న నల్లరేగడి డొంక నవంబరులో ఐదో తరగతి అవుతుంది. నెల్లూరుకు వాన ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య ఋతుపవనాలతో. అందుకని ప్రతి దారికీ చూసిన తేదీ, వానల్లో పనికొస్తుందా లేదా అన్న మాట తప్పక చేర్చాం.

తేదీ ఎందుకో తెలిసిన చోటు సోమశిల చేరకముందే వచ్చింది. పటం ప్రకారం వాగు మీద సిమెంటు చప్టా ఉండాలి. చప్టా సగమే ఉంది. అవతలి సగం ముక్కలై వాగు దిగువకు కొట్టుకుపోయి, తెగిన అంచు దగ్గర నిలువెత్తు గొయ్యి పడింది. మిచాంగ్ తుఫాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటక ముందు రెండు రోజులూ కురిసిన వానకు ఇది తెగిందని గేదెలు తోలుకుపోతున్న ఒక అమ్మ చెప్పింది. ఊరివాళ్లు తెగిన చోట రెండు తాటిదుంగలు అడ్డం పెట్టారు. రాత్రి పూట పటాన్ని నమ్ముకుని వచ్చేవాడికి ఆ దుంగలు కనిపించే సమయం ఉండదు. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఐదు రోజులకొకసారి కొత్తవి వస్తాయి కదా, వాటిలో తెలియదా అని మా వాడు అడిగాడు. ఆ చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల చదరం. వాగులో నీళ్లున్నాయా లేవా అన్నది అది చెబుతుంది గాని, మూడు మీటర్ల చప్టా తెగిన సంగతి చెప్పలేదు. ఆ గీతను అక్కడికక్కడే తెంచి, రెండు వైపులా ఎర్ర గుర్తు పెట్టి, 9-2-2024 అని తేదీ రాశాం.

మధ్యాహ్నం మర్రిపాడు వైపు పోతూ నలభై ఒకటో గీతలోకి తిరిగాం. చెరువు వెనక నుంచి రెండు ఊళ్లను కలిపే దగ్గరి దోవ అని మా పటంలో ఉంది. ఆదివారాల్లో మావాళ్లు ఎక్కువగా పోయే బాట కూడా అదే. అర కిలోమీటరు పోయాక నిమ్మతోట మొదలైంది. బాటకు అడ్డంగా రెండు రాతికూసాల మధ్య ముళ్లకంప వేసి ఉంది. కంప అవతల డ్రిప్ పైపులు ఒకచోట సైకిలు ట్యూబు ముక్కలతో చుట్టి ఉన్నాయి. మా బండ్ల చప్పుడు విని తోటలో నుంచి అరవై ఏళ్ల రైతు ఒకాయన వచ్చాడు. కోపంగా కాదు, అలసటగా వచ్చాడు.

"ఇది ఊరి దోవ కాదబ్బయ్యా. మా నాయన బండి తోలుకోడానికి మా చేలో విడిచిన దోవ. ఆదివారమొస్తే చాలు, బండ్లేసుకుని వస్తన్నారు. ఫోన్ జూసుకుంటా వస్తారు, మనిషిని జూడరు. పైపులు మూడుసార్లు అతికించినా."

ఆయన మాట్లాడుతున్నంతసేపూ నేను తల ఎత్తలేకపోయాను. ఆ గీతను గీసింది నేనే. మూడేళ్ల కిందట నెల్లూరులో మా ఇంట్లో కూర్చుని, ఎండాకాలంలో తీసిన ఉపగ్రహ చిత్రంలో తెల్లటి చార చూసి, చెరువు వెనక దారి ఉందని గీశాను. ఒక్కసారి కూడా అటు రాలేదు, ఎవరినీ అడగలేదు. చిత్రంలో చార కనిపిస్తుంది గాని, అది ఎవరి చేలోదో కనిపించదు. ఆయన తండ్రి తన భూమిలో నుంచి తన బండి కోసం వదులుకున్న తొమ్మిది అడుగులను నేను అందరికీ పంచిపెట్టాను. ఆ సంగతి దాచకుండా ఆయనతో చెప్పాను. పైపుల ఖర్చు ఇస్తామన్నాను.

"డబ్బులేం వద్దులే. ఆ గీతేదో తీసెయ్" అన్నాడు. ఆయన ముందే ఫైలు తెరిచి తీసేశాను. "అయితే ఇంక రారా?" అని అడిగాడు. అవును, రారు అని చెప్పలేకపోయాను.

ఎందుకంటే జీపీఎక్స్ ఫైలు అన్నది చాలా తేలికైన వస్తువు. అందులో ఉండేది గీతల పేర్లూ, అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, సమయం ఉన్న చుక్కల వరుసలూ మాత్రమే. ఎవరు ఎవరికైనా క్షణంలో పంపవచ్చు. పంపిన ప్రతిసారీ కొత్త నకలు పుడుతుంది. నా దగ్గరున్న మూలంలో గీత చెరిపితే నకళ్లలో చెరగదు. పల్లెలో గోడ మీద తప్పు రాస్తే సున్నం కొట్టి చెరపవచ్చు, ఆ గోడ ఒక్కటే కాబట్టి. ఇక్కడ ఎన్ని గోడలున్నాయో లెక్క తెలియదు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇంకొక ఆలోచన చేయవలసి వచ్చింది. అందులో కూడా ఆ గీత ఉంది. అది కూడా నా చేతిదే. పూర్తిగా చెరిపేద్దామని మా వాడు అన్నాడు. నేను వద్దన్నాను. చెరిపేస్తే అక్కడ ఖాళీ మిగులుతుంది. రేపు ఎక్కడో హైదరాబాదులోనో బెంగుళూరులోనో కూర్చున్న ఇంకొకరు అదే ఉపగ్రహ చిత్రంలో అదే చార చూసి, అయ్యో ఈ దారి గీయలేదే అని మళ్లీ గీస్తారు, నేను చేసినట్టే. దానికన్నా గీత ఉంచి, ఇది సొంత దారి, ఇతరులకు ప్రవేశం లేదు అని గుర్తు పెడితే, దారి చూపించే యాప్‌లు దాని మీదుగా పంపవు, తరువాత వచ్చేవారు దాన్ని కొత్తగా కనిపెట్టరు. రైతుకు ఈ సంగతి వివరించి, ఆయన సరేనన్నాకే గుర్తు మార్చాం. ఆ పూట అలాంటి సొంత భూముల గీతలు ఇంకో ఐదు బయటపడ్డాయి. ప్రతిచోటా దగ్గరి ఇంట్లో అడిగాకే ముందుకు కదిలాం కాబట్టి ఉదయగిరి చేరేసరికి చీకటి పడింది.

మూడో రోజు: ఉదయగిరి, సీతారామపురం, ఘటిక సిద్ధేశ్వరం

ఉదయగిరి దుర్గం 3079 అడుగుల కొండ. పాత సర్వే షీటుల లెక్కలో ఇది 57 ఎన్/5. శనివారం పొద్దున కోట కింద నిలబడి ఆ షీటు విప్పినప్పుడు, ఇక్కడి దారుల గురించి ఐదు వందల ఏళ్ల నాటి సాక్ష్యం ఒకటి గుర్తొచ్చింది. గజపతుల చేతిలోని ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గెలిచాడు. ఆ ముట్టడి గురించి పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావో నూనిజ్ రాస్తూ, కోటకు ఒకరి వెనక ఒకరుగా మాత్రమే నడవగలిగే సన్నటి దారి ఒక్కటే ఉండేదనీ, రాయలు కొండలు తొలిపించి, పెద్ద బండలు పగలగొట్టించి దాన్ని వెడల్పు చేశాడనీ, ఇంకా ఎన్నో దారులు వేయించాడనీ చెప్పాడు. ఒంటి కాలిబాటను వెడల్పు చేయడానికి అప్పుడు సైన్యం కావలసి వచ్చింది. ఇప్పుడు ఫోనులో ఒక గీత పదిమందికి చేరితే, రెండు వానాకాలాలు తిరిగేసరికి ఆ బాట చక్రాల గాడి అవుతుంది, గాడిలో నీరు పారి చిన్న వాగు అవుతుంది. వెలిగొండల కింది గరపనేల మీద ఇలాంటి కోతలు ఈ మూడు రోజుల్లో నాలుగు చోట్ల చూశాం.

సీతారామపురం దారిలో అటవీ చెక్‌పోస్టు దగ్గర మమ్మల్ని ఆపి, పేర్లు, బండి నెంబర్లు రాసుకున్నారు. ఇది ఎర్రచందనం పెరిగే నేల. ప్రపంచంలో ఎక్కడా లేకుండా ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే, కడప, చిత్తూరు, నెల్లూరు వైపు కొండల్లోనే అది సహజంగా పెరుగుతుంది. మేము వచ్చిన పని విన్నాక అక్కడి వాచరు ఒకాయన మా ఫోను తీసుకుని గీతలు కాసేపు చూసి, "మీరు సరదాకు గీస్తారు సార్. అడవి లోపలి బాట పటంలో పెడితే మాకంటే ముందు దొంగ చదువుతాడు" అన్నాడు. రాత్రుళ్లు దుంగలు మోసేవాళ్లు కొత్త బాటలు తొక్కుతారనీ, ఆ బాటలు పైనుంచి తీసిన చిత్రంలో పశువుల బాటల్లాగే ఉంటాయనీ ఆయనే చెప్పాడు. అంటే ఉపగ్రహ చిత్రం చూసి ఇంట్లో గీసేవాడు, తెలియకుండానే దొంగల దారిని పటంలో పెట్టవచ్చు. మేము ముందురోజు పెట్టుకున్న పద్ధతికి ఇది ఎదురు వాదం. నిమ్మతోట దగ్గర గీత ఉంచి, వద్దని రాయడమే మేలు అనిపించింది. అడవి దగ్గర గీత ఉండటమే ప్రమాదం అని ఈయన అంటున్నాడు.

దీని మీద ఆ దారి పొడుగునా ఇద్దరం వాదించుకున్నాం. చివరికి నేను నిలిచిన చోటు ఇది. అందరూ చూడగలిగే పటంలో ఇప్పటికే ఉన్న అడవి బాటకు ప్రవేశం లేదన్న గుర్తు పెట్టాలి, ఎందుకంటే దాన్ని దాచే శక్తి మనకు లేదు. పటంలో లేని అడవి బాటను మాత్రం కొత్తగా ఎక్కించకూడదు, కాపరి చూపించినా, గార్డు చూపించినా, మన కళ్లతో మనం చూసినా సరే. పేర్ల విషయంలో మా వాడికి వేరే అభిప్రాయం ఉంది. బాట వద్దు గాని, కోనల పేర్లు, బావుల పేర్లు ఊరివాళ్లు చెప్పినవి రాసుకుంటే తప్పేమిటన్నాడు. అడవి హద్దుకు ఇవతల ఉన్నంతవరకు అది మంచి పనే. సర్వే షీటులో పేరు లేని ఒక వాగుకు మేకల కాపరి ఒకతను పేరు చెప్పి, అది ఎక్కడ పుడుతుందో, ఏ నెలలో ఎండుతుందో కూడా చెప్పాడు. ఆపద వేళ 108కు ఫోన్ చేసి ఎక్కడున్నామో చెప్పవలసి వస్తే అలాంటి పేరే పనికొస్తుంది.

ఘటిక సిద్ధేశ్వరానికి గుడి దారిలోనే వెళ్లి వచ్చాం. అక్కడ కొండ కింద, ముళ్లపొదల మధ్య జాగాలు వదిలినట్టు ఉండే పలచటి చిట్టడవి ఉంది. బండి తోలేవాడి కంటికి అది ఎవరికీ పట్టని ఖాళీ నేల. నాలుగేళ్ల కిందట నేనూ అలాగే అనుకున్నాను. ఇలాంటి చిట్టడవిలోనే కలివికోడి బతుకుతుంది. 19వ శతాబ్దం నడుమ టి.సి. జెర్డన్ అనే వైద్యుడు గుర్తించిన ఈ పక్షి 1900 తరువాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనుకున్నారు. 1986లో ఈ కొండలకు అవతల, కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాని కోసమే అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అది రాత్రి పూట నేల మీద తిరిగే పక్షి, అరుదుగా తప్ప కంటపడదు. దాని జాడ తెలుసుకోవడానికి పరిశోధకులు పొదల మధ్య మట్టిని చదును చేసి, తెల్లవారాక అడుగుల గుర్తులు వెతికేవారు. పొదల మధ్య ఉన్న ఆ జాగాలే దానికి తిరిగే నేల, మనకు బండి తిప్పే నేల. అది ఇవతలి వాలులో ఉందని నేను అనడం లేదు. ఉందో లేదో తెలియని చోట ఖాళీ నేల అని పటంలో రాసే అధికారం మాత్రం నాకు లేదు. గుడి దారికి పక్కన ఉన్న రెండు గీతలను ఆ సాయంత్రమే అడవి గీతల జాబితాలో ఉన్నాయో లేదో సరిచూసుకున్నాను. రెండూ అక్కడే ఉన్నాయి.

నాలుగో రోజు: భైరవకోన, పామూరు, ఇంటికి

ఆదివారం జిల్లా దాటి ప్రకాశం జిల్లా చంద్రశేఖరపురం మండలంలోని భైరవకోన చేరాం. ఒకే కొండరాతిని తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు, పక్కన జలపాతం. చూసేవాళ్లందరూ రోడ్డు మీదే వస్తారు, అక్కడి నుంచి నడుస్తారు. కోన పైకి మా పటంలో ఉన్న గీత మొదటిరోజే అడవి లెక్కలోకి పోయింది కాబట్టి ఇక్కడ మాకు పని ఎక్కువ లేదు.

బండ్లు నిలిపే చోట ఒంగోలు నుంచి వచ్చిన నలుగురు కుర్రవాళ్లు మాలాంటి బండ్లతో ఉన్నారు. ఎటు నుంచి వచ్చారని మా వాడు మాట కలిపాడు. వాళ్లలో ఒకడు ఫోను తీసి, సాయంత్రం తిరుగు దారిలో ఇలా పోదామనుకుంటున్నాం అన్నా అని చూపించాడు. చూడగానే గుర్తుపట్టాను. సీతారామపురం దగ్గరి ఒక చెరువు పేరును మొదట్లో నేను తప్పుగా రాశాను, ఏడాది కిందట సరిచేశాను. వాళ్ల ఫోనులో ఆ పాత తప్పు అలాగే ఉంది. అది మా ఫైలే. ఎవరి నుంచి ఎవరికి చేరి అక్కడికి వచ్చిందో వాళ్లకు తెలియదు. నిమ్మతోట గీత ఉంది. తెగిన చప్టా మీద దారి నిక్షేపంగా ఉంది. కోన పైకి పోయే గీతను వాళ్లు ఆ రోజుకు ఎంచుకుని పెట్టుకున్నారు.

నేను ఎవరినో, ఆ ఫైలు నాది ఎలా అయిందో, అందులో తప్పులేమిటో వాళ్లకు వివరంగా చెప్పాను. చప్టా ఫొటో చూపించినప్పుడు నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాత ఫైలు తీసేయించి, అప్పటికి సిద్ధమైనంత మేర కొత్తది ఇచ్చాం. కొత్త ఫైలులో ప్రతి గీత పేరులోనే చూసిన తేదీ ఉంది. వివరణలో రాస్తే యాప్‌లో ఎవరూ తెరిచి చూడరని తెలిసి, పేరులోనే పెట్టాం. ఫైలు పేరులో '30-9-2024 వరకు మాత్రమే' అని రాశాం. వానలు మొదలయ్యే ముందు అది చెల్లిపోవాలి. వానలు పోయాక మళ్లీ చూసి కొత్తది ఇవ్వాలి.

పామూరు మీదుగా ఇంటికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. భోజనం అయ్యాక లెక్క తేల్చాం. 63 గీతల్లో అడవివి 14, సొంత భూములవి 6, నేల మీద లేనివీ తెగిపోయినవీ 5. సమయం చాలక చూడలేకపోయినవి 9. వాటిని కొత్త పటంలో పెట్టలేదు. పటంలో లేనిది మూసినట్టే అన్న నియమాన్ని ఇకమీదట మేమూ పాటిస్తాం. మిగిలినవి 29. పటం సగం కన్నా చిన్నదైందని మా వాడు కొంచెం దిగులుపడ్డాడు. నాకు ఆ దిగులు కలగలేదు. ఆ 29 దారుల్లో ఏ ఒక్కదాని మీదనైనా ఎవరైనా ఆపి అడిగితే, ఎవరిని అడిగి వచ్చామో చెప్పగలం.

కొత్త ఫైలును పద్దెనిమిది మందికీ పంపి, పాతదాన్ని తీసేసి తీసేశామని కబురు చేయమని అడిగాను. పడుకునేలోగా పదకొండు మంది చేశారు. ఒంగోలు కుర్రవాడు తాను ఆ ఫైలు పంపినవారి పేర్లు, నెంబర్లు తొమ్మిది రాసి పంపాడు. సోమవారం పొద్దున కాఫీ తాగి, ఆ జాబితాలో మొదటి నెంబరుకు ఫోన్ చేశాను.